సాక్స్ వేసుకున్న బాల

నేను ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. అందుకని పిల్లలు కనబడితే నా కళ్లు మొహం కంటే ముందు పాదాల మీదికి పోతాయి. ఏ పిల్ల పరుగెత్తుతుంది, ఏ పిల్ల పరుగంటే జంకుతుంది, ఏ పిల్ల కొత్త చెప్పులు కరిచినా చెప్పకుండా ఓర్చుకుంటోంది, అన్నీ పాదాలే చెప్పేస్తాయి. మా అమ్మాయి ఈ మాట వింటే చాలు, "అమ్మా, ఇది బయట ఎవరి దగ్గరా అనకు, వియర్డ్‌గా ఉంటుంది" అంటుంది. అనకుండా ఊరుకునే స్వభావం నాది కాదని దానికీ తెలుసు.

కిందటి ఆగస్టులో అమెరికాలో మా అమ్మాయి ఉండే ప్లెయిన్స్‌బరో వచ్చాను. ఎయిర్‌పోర్టులో మనవరాలు పరుగెత్తుకొచ్చి నా నడుం చుట్టేసింది. తొమ్మిదేళ్ల పిల్ల, ఏడాదిన్నరలో జానెడు పొడుగెదిగింది. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర అందరం చెప్పులూ బూట్లూ విప్పేశాం. అది బూట్లు విప్పింది గానీ సాక్స్ విప్పలేదు. అన్నం తినేటప్పుడూ సాక్సే, నా పక్కన పడుకున్నప్పుడూ సాక్సే. తెల్లారి లేచి చూస్తే బాత్రూమ్‌లోంచి తడి సాక్స్ మార్చుకుని పొడి సాక్స్‌తో బయటికొస్తోంది. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

వంటింట్లో మా అమ్మాయిని నిలదీశాను. అది గొంతు తగ్గించి చెప్పింది. మార్చిలో ఎడమ పాదం మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ వచ్చిందట. తర్వాత కుడి పాదానికీ వచ్చింది. ఇప్పుడు రెండు పాదాల పైభాగమూ వేళ్ల దాకా తెల్లబడింది. డాక్టరుకి చూపించారు. అక్కడి చర్మంలో రంగు పోవడమే తప్ప నొప్పి లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, పిల్ల ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు, పూత మందు రాస్తూ ఉండండి అని ఆవిడ చెప్పింది. అంతా బాగానే ఉంది. కానీ స్విమ్మింగ్ క్లాసులో ఎవరో పిల్లాడు "ఇది నాకూ అంటుకుంటుందా?" అని అడిగాడు. పాపం, వాడు తెలియక అడిగాడు. ఇది మాత్రం ఆ రోజు నుంచి స్విమ్మింగ్ మానేసింది, సాక్స్ తొడిగేసింది.

"నేనేం అనలేదమ్మా. బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుంటుందని సాక్స్ కొని పడేస్తున్నాను" అంది మా అమ్మాయి. పిల్ల గదిలోకి తీసుకెళ్లి బీరువా సొరుగు లాగి చూపించింది. సొరుగు నిండా సాక్సే. పూలవి, పిల్లిబొమ్మలవి, పుచ్చకాయ ముక్కలవి. వాటిని చూసి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక వంటింట్లో గిన్నెలన్నీ మళ్లీ తోమాను.

అంతకు ముందు వచ్చినప్పుడు ఇదే పిల్ల, అపార్ట్‌మెంట్ల వెనక చెరువు గట్టున వట్టికాళ్లతో బాతుల్ని తరుముకుంటూ పోయేది. నేను బెంచీ మీద కూర్చుని, ఈల లేకపోయినా నోటితోనే ఈల వేసి, "మోకాళ్లు పైకెత్తు! చేతులు ఊపు!" అని అరిచేదాన్ని. చుట్టూ జనం చూసేవారు. చూడనీ. ఆ పిల్ల పరుగు చూస్తే నా మోకాళ్ల నొప్పులు నాకు గుర్తుండేవి కావు. నవంబర్లో నా తిరుగు ప్రయాణం. ఈలోగా అది ఆ గడ్డిలో వట్టికాళ్లతో ఒక్కసారి పరుగెత్తితే చూసి వెళ్లాలనుకున్నాను. అమెరికాలో నేను చూడాలనుకున్నవేవీ ఇక మిగల్లేదు, అదొక్కటే.

నా ప్రయత్నాలు నేను చేశాను. ఒకరోజు సోఫాలో నా కాళ్లు చాపి, "చూడవే, మడమలు ఎలా పగిలాయో, ఈ బొటనవేలి గోరు ఎలా నల్లబడిందో, ఈ నరాలు చూడు" అని నా పాదాల వైభవమంతా వర్ణించాను. అది పడీ పడీ నవ్వింది. "అమ్మమ్మా, నీ ఫీట్ చాలా ఓల్డ్" అంది. క్రీము తెచ్చి నా మడమలకి రాసింది కూడా. తన సాక్స్ మాత్రం విప్పలేదు.

ఇంతలో దసరా నవరాత్రులు దగ్గర పడ్డాయి. మా వైపు బెజవాడ దుర్గమ్మని నవరాత్రుల్లో రోజుకో అవతారంగా అలంకరిస్తారు. అందులో ఒకరోజు బాలా త్రిపురసుందరి, అంటే అమ్మవారు చిన్నపిల్లగా ఉండే రూపం. ఆ పేరు మీద ఇళ్లలో బాలపూజ చేస్తారు. పదేళ్ల లోపు ఆడపిల్లని పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, పసుపు రాసి, పారాణి పెట్టి, బొట్టు పెట్టి, గాజులు తొడిగి, అమ్మవారికి చేసే పూజంతా ఆ పిల్లకే చేస్తారు. చివర్లో ఆ పిల్ల చేతే అక్షింతలు వేయించుకుంటారు. నేను పెద్ద భక్తురాలినేం కాను. మడీ తడీ నావల్ల కావు, అష్టోత్తరం కూడా పుస్తకం చూడకుండా రాదు. కానీ ఈ ఒక్క పూజంటే నాకు ప్రాణం. ఏడాది పొడుగునా చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెడతారు. ఆ ఒక్కరోజు ఇంట్లో అందరికంటే పెద్దది వెళ్లి అందరికంటే చిన్నదాని కాళ్ల దగ్గర కూర్చుంటుంది. ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ ఆవిడకి నా నమస్కారం.

ప్లెయిన్స్‌బరోలో అమ్మవారికి కొరత లేదు, బాలలకే కొరత. మా అమ్మాయి ఫోన్ గణగణా మోగడం మొదలైంది. "శుక్రవారం మీ పాప ఖాళీనా? ఏడింటికి పంపుతారా?" అని ఒకరు. "ఆదివారం మాకు ఇవ్వండి, లంచ్ కూడా ఇక్కడే" అని ఇంకొకరు. అమ్మవారు ఈ దేశంలో సాకర్ ప్రాక్టీసు, మ్యాథ్ క్లాసు అయ్యాక గానీ పీట ఎక్కదు. కిందటేడు మా మనవరాలు నాలుగు ఇళ్లలో బాలగా కూర్చుని, మోచేతుల దాకా గాజులతో, కడుపు నిండా పరమాన్నంతో తిరిగొచ్చిందట. ఈసారి మా అమ్మాయి అందరికీ ఒకే పాట పాడుతోంది: "సారీ అండీ, సాకర్ టోర్నమెంట్ ఉంది." ఏ టోర్నమెంటూ లేదని నాకు తెలుసు.

"ఎందుకు వెళ్లవే? పరమాన్నం మీద విరక్తి పుట్టిందా?" అని మనవరాలినే అడిగాను.

"అమ్మమ్మా, బాలపూజలో ఫస్ట్ ఏం చేస్తారు?"

"పీట మీద కూర్చోబెడతారు."

"నో. ఫస్ట్ సాక్స్ తీసేస్తారు. దెన్ అందరూ చూస్తారు."

నిజమే కదా.

ఆ మర్నాడు ఇంకో ఘనకార్యం జరిగింది. నేను వంట చేసుకుంటూ ఫోన్లో ఎవరో పెద్దాయన ప్రవచనం పెట్టుకున్నాను. ఆయన బాలపూజ గురించే చెబుతున్నాడు. "ఎలాంటి బాలను ఎంచుకోవాలి? ఒంటి మీద మచ్చలేని పిల్లను..." అంటూ లిస్టు చదవడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మా మనవరాలు గ్లాసుతో మంచినీళ్లు తాగుతూ నిలబడి ఉంది.

"మచ్చ అంటే స్పాట్, రైట్?" అని అడిగింది.

దానికి తెలుగు అంతంతమాత్రమని మేం అనుకుంటాం. అర్థం చేసుకోవలసినవన్నీ అర్థం చేసుకుంటుంది. నేను ఫోన్ ఆపలేదు, ఆపడానికి నాకు ఓపిక లేకపోయింది. దాన్ని తీసి కందిపప్పు డబ్బాలో పడేసి మూత బిగించాను. లోపలి నుంచి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"ఆయనకేం తెలుసే!" అన్నాను. గ్రౌండులో అరిచే గొంతే వచ్చేసింది. "తొమ్మిది రోజులూ రోజుకో రంగు కట్టుకునే తల్లికి రెండు రంగుల పాదాలంటే అభ్యంతరమా? అర్ధనారీశ్వరుడి బొమ్మ చూశావా? ఒక పక్క శివుడు, తెల్లగా ఉంటాడు. ఇంకో పక్క అమ్మవారు, పచ్చగా ఉంటుంది. ఒకే ఒళ్లు, రెండు రంగులు. దానికి లోకమంతా దణ్ణం పెడుతోందా లేదా?"

అది శ్రద్ధగా విన్నది. "అమ్మమ్మా, దట్స్ డిఫరెంట్" అంది. "ఆయన స్కూల్‌కి వెళ్లడు కదా."

గ్లాసు సింకులో పెట్టి వెళ్లిపోయింది. అమ్మవారి పక్షాన నేను చేసిన వాదన అంతటితో వీగిపోయింది. నేను పప్పు డబ్బాలోంచి ఫోన్ తీసి, తుడిచి, స్టవ్ కట్టేసి కూర్చున్నాను. పిల్లకి కష్టం వచ్చినప్పుడు దాన్ని మాటలతో తీసేయగలమనుకోవడం పెద్దవాళ్లకి ఉండే జబ్బు. నాకు కొంచెం ఎక్కువ మోతాదులో ఉంది.

అప్పుడు నా ఉద్యోగం గుర్తొచ్చింది. హైజంపు కర్ర చూసి భయపడే పిల్లని వెనక నుంచి తోస్తే కర్ర మీద పడుతుంది. "నువ్వు దూకక్కర్లేదమ్మా, ఇక్కడ నిలబడి కర్ర పడ్డప్పుడల్లా తీసి పెట్టు చాలు" అని చెప్పి, నా పని నేను చూసుకునేదాన్ని. కర్ర దగ్గర నిలబడీ నిలబడీ అది ఎంత ఎత్తుందో పిల్లకే తెలిసిపోతుంది. ఆ తర్వాత దూకుతుందో లేదో దాని ఇష్టం. కొందరు దూకేవారు, కొందరు ఏడాదంతా కర్ర తీసి పెడుతూనే ఉండేవారు. వాళ్లనీ నేనేం అనేదాన్ని కాదు.

అందుకని సాయంత్రం ప్రకటించాను. "శనివారం మనింట్లోనే బాలపూజ. నువ్వు కూర్చోనక్కర్లేదు. నాకు అసిస్టెంటువి. నా మోకాళ్లు వంగవు, అందించడానికి మనిషి కావాలి."

"నేను సాక్స్ తీయను."

"అసిస్టెంటుకి సాక్స్ ఉంటే నాకేం?"

బాలగా కింది ఇంటి పిల్లని మాట్లాడాను. దానికి రెండున్నరేళ్లు. ఆ పిల్ల నానమ్మది కరీంనగర్ దగ్గర, నాలాగే కొన్నాళ్లు ఉండి పోవడానికి వచ్చిన మనిషి. రోజూ పొద్దున ఇద్దరం పార్కింగ్ లాటు చుట్టూ నడుస్తూ రెండు రాష్ట్రాల వంకాయ కూరల గురించి వాదించుకుంటాం. విషయం చెవిన వేయగానే, "తీస్కొస్త గానీ అక్కా, మా పోరి మస్తు మొండిది. ఒక్క తాన కూసోదు. తర్వాత నన్ను అనొద్దు" అంది. ఆవిడ మాట ఎంత నిజమో శనివారం తెలిసింది.

అమెరికాలో ఏ పండుగైనా శనివారానికి జరుగుతుంది కాబట్టి అమ్మవారు కూడా సర్దుకుంది. పొద్దున్నే మనవరాలు పట్టులంగా కట్టుకుని, కింద సాక్స్‌తోనే పనిలో దిగింది. హాల్లో గోడవారన చిన్న బల్ల వేసి, దాని మీద అమ్మవారి పటం పెట్టి, షాపులో కొన్న చామంతులు చుట్టూ పేర్చింది. పీట లేదు. మొక్కల కుండీ పెట్టుకునే చెక్క బల్ల ఒకటి బాల్కనీలో ఉంటే మా అల్లుడు కడిగి తుడిచి తెచ్చాడు. మా అమ్మాయి ఆ బల్ల కింద పాత దుప్పటి పరిచింది, దాని కింద ప్లాస్టిక్ షీటు పరిచింది. ఈ అద్దె ఇంట్లో కార్పెట్ పాలమీగడ రంగులో ఉంటుంది. దాని మీద మరక పడుతుందేమోనన్న భయంతోనే మా అమ్మాయి సగం జీవితం గడుస్తోంది. "అమ్మా, పసుపు కార్పెట్ మీద పడితే ఇంక పోదు. ప్లీజ్, నీళ్లలో కలిపి తక్కువ తక్కువగా పెట్టు" అని పదిసార్లు చెప్పింది. "అమ్మవారికి తక్కువ తక్కువగా పసుపు పెట్టాలని ఏ శాస్త్రంలో ఉందే?" అని నేనూ పదిసార్లు అడిగాను.

అష్టోత్తరం నేను చదువుతుంటే ఒక్కో నామానికీ చివర "నమః" అనే డ్యూటీ మనవరాలిది. మొదట మెల్లగా అనేది. పదో నామం దాటేసరికి సాకర్ మ్యాచ్‌లో గోల్ పడ్డట్టు అరవడం మొదలుపెట్టింది. మా అల్లుడు కూడా అందుకున్నాడు. నాకు నవ్వు ఆగక ఒక నామం రెండుసార్లు చదివాను. అమ్మవారికి అదనంగా ఒక నమస్కారం వెళ్లింది, ఆవిడేం వద్దనదు.

పదకొండింటికి బాల వచ్చింది. ఆకుపచ్చ పట్టులంగా, ఎర్ర జాకెట్టు, రెండు పిలకలు. గంభీరంగా నడిచొచ్చి పీట ఎక్కి కూర్చుంది. "ఓర్నీ, ఇంత బుద్ధిమంతురాలా!" అనుకుని నేను కింద కూర్చునే కార్యక్రమం మొదలుపెట్టాను. అది చిన్న పని కాదు. ఒక చేయి సోఫా మీద, ఒక చేయి అల్లుడి భుజం మీద వేసి, ఎడమకాలు చాపి, కుడికాలు మడిచి, అమ్మా అమ్మా అనుకుంటూ నేలకి చేరాను. మనవరాలు వెడల్పాటి స్టీలు పళ్లెం తెచ్చి బాల కాళ్ల కింద పెట్టింది. చెంబుతో గోరువెచ్చటి నీళ్లు నేను పోస్తుంటే అది పళ్లెం పట్టుకుంది. అంతవరకూ బాగానే నడిచింది.

పసుపు ముద్ద చేతిలోకి తీసుకుని చిన్నిపాదానికి రాయబోయాను. బాల నా చేతి వంక చూసింది, తన పాదం వంక చూసింది. కెవ్వుమంది. రెండు కాళ్లూ ఒక్కసారి ఝాడించింది. పళ్లెం గాల్లోకి లేచింది. నీళ్లన్నీ దుప్పటి మీద, నా చీర మీద, మా మనవరాలి ఒళ్లో పడ్డాయి. బాల పీట దిగి ఒక్క ఉరుకున సోఫా వెనక్కి దూరింది.

"చెప్పిన్నా లేదా! గిట్లనే చేస్తదని చెప్పిన్నా లేదా!" అని నానమ్మ సోఫా చుట్టూ పరుగు. "రా బిడ్డా, రా నా బంగారం, చాక్లెట్ ఇస్త." మా అమ్మాయి కార్పెట్ మీద టవళ్లు పరచడంలో ఉంది. అల్లుడు ఫోన్లో వీడియో తీస్తూ నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాడు. బాల మాత్రం సోఫా వెనకనుంచి "నో ఎల్లో! నో ఎల్లో!" అని ఏకధాటిగా ఏడుస్తోంది.

మా మనవరాలు తడిసిన బట్టలతో అలాగే మోకాళ్ల మీద కూర్చుని ఉంది. సాక్స్ పూర్తిగా తడిసిపోయాయి. దాని చూపు సోఫా వైపే ఉంది. తర్వాత లేచి వెళ్లి సోఫా వెనక్కి వంగింది. "హే, ఇట్స్ ఓకే. అది ఊరికే పసుపు. నొప్పి ఉండదు" అంది. లోపలి నుంచి ఇంకా పెద్దగా "నో ఎల్లో!"

"ఓకే. ఓకే. నేను ఫస్ట్ పెట్టించుకుంటా. నువ్వు వాచ్ చెయ్. ఓకే?"

ఏడుపు ఆగింది. సోఫా పక్కనుంచి ఒక పిలక, ఒక కన్ను బయటికొచ్చాయి.

మా మనవరాలు వచ్చి పీట మీద కూర్చుంది. మా అమ్మాయి చేతిలో టవలుతో అలాగే ఉండిపోయింది. అది ఎవరివైపూ చూడలేదు, సోఫా పక్కనున్న ఆ కన్నువైపే చూస్తూ వంగి ముందు ఎడమ సాక్సు లాగేసింది, తర్వాత కుడిది. తడి సాక్సులు రెండూ పక్కన పడేసి రెండు పాదాలూ నా ముందు పెట్టింది.

ఎన్నో నెలల తర్వాత చూశాను ఆ పాదాల్ని. చక్కటి పాదాలు. పొడుగు వేళ్లు, లోతైన ఒంపు, పరుగుకి పనికొచ్చే మడమలు. పైన చీలమండల నుంచి వేళ్ల దాకా తెల్లగా ఉంది. అంతే, ఇంకేం లేదు. నేను ఏళ్ల తరబడి వేల పాదాలు చూశాను, ఇంతకంటే మంచి పాదాలు చూడలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆ క్షణంలో నోరు తెరవలేదు. నోరు తెరిస్తే ఏడుస్తానని భయం వేసింది, నేను ఏడిస్తే అది సాక్స్ తొడిగేసుకుంటుంది.

"పెట్టు అమ్మమ్మా. షి ఈజ్ వాచింగ్" అంది.

నీళ్లు పోసి కడిగాను. నా కొంగుతో తుడిచాను. పసుపు తీసి మడమ నుంచి మొదలుపెట్టి రాశాను. తక్కువ తక్కువగా కాదు, రెండు చేతులా రాశాను. నల్లగా ఉన్నచోట పసుపు మామూలుగా పట్టింది. తెల్లగా ఉన్నచోట మెరిసిపోయింది. అదీ కిందికి చూసి, "వావ్, ఇక్కడ ఎక్కువ ఎల్లోగా ఉంది" అంది.

"గా పాదాలకే పసుపు మంచిగ పట్టింది, సూడుర్రి" అంది కరీంనగర్ ఆవిడ వెనకనుంచి, మామూలుగా, కూర ఉడికిందన్నట్టు. ఆవిడకి మా సాక్స్ కథ ఏమీ తెలియదు. తెలిస్తే అంత చక్కగా అనగలిగేది కాదేమో.

పసుపు చుట్టూ పారాణి గీత గీస్తున్నాను. బాల సోఫా వెనకనుంచి పూర్తిగా బయటికొచ్చింది. వచ్చి మా మనవరాలి పాదం మీద ఒక వేలు పెట్టి చూసింది. వేలు పచ్చబడింది. ఆ వేలిని చూసుకుని మురిసిపోయి, "మీ టూ!" అని మా మనవరాలి ఒళ్లోకి ఎక్కి రెండు కాళ్లూ చాపింది. పీట ఒకటి, అమ్మవార్లు ఇద్దరు. నాలుగు పాదాలకి పసుపు రాసి, నాలుగు చేతులకి గాజులు తొడిగి, ఇద్దరికీ ఒకే చామంతి దండ వేశాను. హారతి ఇస్తుంటే చిన్నది "హ్యాపీ బర్త్‌డే" పాట అందుకుంది. మేమందరం కలిసి పాడాం. అమ్మవారి పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలియదు, ఆ రోజే అనుకున్నాం.

చివరికి అక్షింతలు మా మనవరాలి చేతిలో పోసి, పీట ముందు తల వంచాను. నుదురు ఆ పచ్చటి పాదాలకి ఆనింది. ఇంక ఆపుకోవడం నా వల్ల కాలేదు, హాయిగా ఏడ్చాను.

"అమ్మమ్మా, ఇప్పుడు నేనేం అనాలి?"

"నీకు తోచింది దీవించవే."

అక్షింతలు నా తల మీద పడ్డాయి. "నీ మోకాళ్లు మంచిగా అవ్వాలి" అంది. నేను లేవలేదు. అది కాసేపు చూసి, "అమ్మమ్మా, అయిపోయింది. యూ కెన్ గెట్ అప్" అంది.

"లేవలేకపోతున్నానే, మోకాలు పట్టేసింది!"

ఇల్లంతా నవ్వులు. అమ్మవారు పీట దిగి, నా రెండు చేతులూ పట్టుకుని, "వన్, టూ, త్రీ" అని లాగింది. నన్ను లాగడానికి దుప్పటి దాటి రెండడుగులు వెనక్కి వేసింది. నేను లేచాను. పాలమీగడ రంగు కార్పెట్ మీద పచ్చటి పాదముద్రలు పడ్డాయి, అయిదు వేళ్లూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా.

చిన్నదానికి అప్పటికే తలుపు తెరుచుకునే విద్య తెలుసు. "డక్స్!" అని అరిచి మెట్లవైపు పరుగెత్తింది. దాన్ని పట్టుకోవడానికి మా మనవరాలు. దాని వెనక నానమ్మ, అల్లుడు. నేను బాల్కనీలోకి వెళ్లేసరికి వాళ్లు గడ్డి మీద ఉన్నారు. బాతులు గోల పెడుతూ చెరువులోకి దిగుతున్నాయి. మా పిల్ల పట్టులంగా మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, పసుపు పాదాలతో, చిన్నదాన్ని దాటి, బాతుల్ని దాటి గట్టంతా పరుగెత్తింది. "మోకాళ్లు పైకి! చేతులు ఊపు!" అని పైనుంచి అరిచాను. పక్క బాల్కనీ ఆయన కాఫీ కప్పుతో బయటికొచ్చి నాకు చేయి ఊపాడు.

లోపలికి వచ్చి చూస్తే మా అమ్మాయి కార్పెట్ దగ్గర కూర్చుని ఉంది. చేతిలో మరకలు తుడిచే స్ప్రే, తెల్ల గుడ్డ. ఒలికిన నీళ్లు తుడిచేసింది, పసుపు చుక్కలన్నీ తుడిచేసింది. పాదముద్రల దగ్గరకి వచ్చి ఆగిపోయింది. "పోతుందామ్మా ఇది?" అని అడిగింది. "పసుపు ఎక్కడ పోతుందే, నువ్వే కదా చెప్పావు" అన్నాను. అది నవ్వుతూనే ఏడ్చింది. స్ప్రే తీసుకెళ్లి అలమరలో పెట్టేసింది. సాయంత్రం సోఫాని అటు కాస్త జరిపారు, ముద్రల్ని కప్పడానికి కాదు, ఎవరూ తొక్కకుండా ఉండడానికి.

ఆ మర్నాడు ఫోన్ మోగింది. శుక్రవారానికి పాపని పంపమన్న ఆవిడే, "ఇవాళైనా మీ పాప ఖాళీనా?" అని. మా అమ్మాయి అలవాటుగా "సారీ అండీ, సాకర్..." అని మొదలుపెట్టింది. మనవరాలు హోంవర్క్ వదిలేసి వచ్చి ఫోన్ తీసుకుంది.

"హాయ్ ఆంటీ. నా ఫీట్‌కి వైట్ స్పాట్స్ ఉన్నాయి. అవి ఎవరికీ అంటుకోవు. మీకు ఓకేనా?"

అవతలి నుంచి "నువ్వు వస్తానంటే చాలు తల్లీ" అని వినబడింది.

"ఓకే. సిక్స్‌కి వస్తా. పసుపు ఎక్కువ పెట్టండి" అంది. ఫోన్ వాళ్లమ్మ చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర చెప్పుల అరలో అడుగున పడి ఉన్న తన పాత శాండిల్స్ వెతుక్కుంటూ కూర్చుంది. అవి చిన్నవైపోయాయి. కొత్తవి కొనాలి.